స్క్రిప్టు సభా, బిల్లు సభా, గ్రామసభా: బడిలో ఏది పెడితే మేలు?

నవంబర్ 26 రాజ్యాంగ దినోత్సవం దగ్గర పడిందంటే మాక్ పార్లమెంటో, మాక్ అసెంబ్లీయో చేయించే పని సోషల్ టీచర్ల మీద పడుతుంది. మన బడుల్లో ఇది ప్రధానంగా మూడు తీర్లుగా జరుగుతోంది. మొదటిది, ముందే రాసిపెట్టిన స్క్రిప్టుతో గంటసేపు సాగే యూత్ పార్లమెంట్. రెండోది, స్క్రిప్టు లేకుండా ఒకే ఒక్క బిల్లును పట్టుకుని చివరిదాకా నడిపే మాక్ అసెంబ్లీ. మూడోది మాక్ గ్రామసభ. బయటికి ఒకేలా కనిపించినా ఇవి నేర్పేవి వేరు. పిల్లలకు ప్రభుత్వం ఎలా పనిచేస్తుందో అర్థం కావాలన్నదే మీ లక్ష్యమైతే తొమ్మిది, పది తరగతులకు రెండోది, ఆరు నుంచి ఎనిమిది దాకా మూడోది మేలు. మొదటిది పోటీకి వెళ్లేవాళ్లకు. ఎందుకో చూద్దాం.

యూత్ పార్లమెంట్: పద్ధతి తెలుస్తుంది, నిర్ణయం తెలియదు

దీనిని కేంద్ర పార్లమెంటరీ వ్యవహారాల శాఖ 1966లో ఢిల్లీ బడుల్లో మొదలుపెట్టింది. 1988లో కేంద్రీయ విద్యాలయాలకు, తర్వాత నవోదయాలకు, విశ్వవిద్యాలయాలకు విస్తరించింది. సభలో 50-55 మంది ఉంటారు, సమావేశం గంటకు మించదు. ప్రమాణ స్వీకారం, సంతాప తీర్మానం, ప్రశ్నోత్తరాలు, సభ ముందు పత్రాలు పెట్టడం, సావధాన తీర్మానం (అత్యవసర విషయం మీదికి మంత్రి దృష్టి మళ్లించేది), ఒక బిల్లు, ఇలా వరుస తప్పకుండా సాగాలి. పోటీలో 100 మార్కుల్లో క్రమశిక్షణకు 10, సభా నియమాల పాటింపుకు 20, ప్రశ్నలు, అనుబంధ ప్రశ్నలు (మంత్రి జవాబు విన్నాక అడిగే కొసరు ప్రశ్నలు), జవాబుల నాణ్యతకు 20, చర్చాంశాల ఎంపికకు 10, ప్రసంగాలకు 30, మొత్తం ప్రదర్శనకు 10.

మార్కులు ఇలా ఉన్నప్పుడు బడి ఏం చేస్తుందో ఊహించడం కష్టం కాదు. బాగా మాట్లాడే పన్నెండు మందిని ఏరి స్క్రిప్టు పంచుతుంది, మిగతా నలభై మందిని బల్లలు చరచడానికి కూర్చోబెడుతుంది. ప్రతిపక్ష నాయకుడి 'ఆవేశం' ఎక్కడ రావాలో, మంత్రి ఎప్పుడు నీళ్లు తాగాలో కూడా రిహార్సల్‌లోనే తేలిపోతుంది. బిల్లు నెగ్గుతుందని అందరికీ ముందే తెలుసు. అలాంటప్పుడు ఓటింగ్ ఎందుకు పెట్టారో పిల్లలకు అర్థం కాదు. అయ్యే ఖర్చు కూడా తక్కువేం కాదు: గంట ప్రదర్శనకు ఎనిమిది, పది పీరియడ్ల రిహార్సల్ పడుతుంది.

దీనివల్ల లాభమే లేదనడం అన్యాయం. స్పీకర్‌కు కుడివైపు అధికార పక్షం, ఎడమవైపు ప్రతిపక్షం కూర్చుంటారని, మాటలన్నీ స్పీకర్‌ను ఉద్దేశించే సాగాలని, నక్షత్ర గుర్తు ప్రశ్నకే నోటి జవాబు, అనుబంధ ప్రశ్నలు ఉంటాయని ఒక్కసారి చేసి చూసిన పిల్లలు జన్మలో మరచిపోరు. సభా భయం పోతుంది. పోటీకి వెళ్లక తప్పదంటే స్క్రిప్టు ఉంచుకునే ఒక మార్పు చేయండి. ప్రశ్న, దానికి మంత్రి జవాబు ముందే రాసి ఉండనివ్వండి. అనుబంధ ప్రశ్నలు మాత్రం ప్రతిపక్షం దగ్గరే రహస్యంగా ఉండాలి. ఒక్కో ప్రశ్నకు రెండు అనుబంధాలు చాలు. మంత్రి పాత్రధారి తన శాఖ గురించి నిజంగా చదువుకుని రాక తప్పదు. 'వివరాలు తెప్పించి సభ ముందు ఉంచుతాను' అనే వీలు అతనికి ఎలాగూ ఉంది, అసలు మంత్రులూ అదే అంటారు. పదిహేను నిమిషాల ఈ భాగమే మొత్తం గంటలోకెల్లా ఎక్కువ నేర్పుతుంది.

ఒక తప్పు చాలాచోట్ల కనిపిస్తుంది. లోక్‌సభ స్క్రిప్టు తీసుకుని 'రాష్ట్రపతి' ఉన్నచోట 'గవర్నర్' అని మార్చి మాక్ అసెంబ్లీ అంటారు. అప్పుడు మాక్ అసెంబ్లీలో రైల్వేల మీద ప్రశ్నలు వస్తాయి, ఉభయ సభల సంయుక్త సమావేశం పెడతామనే మాట వస్తుంది. రైల్వేలు కేంద్ర జాబితాలోవి. సంయుక్త సమావేశం పార్లమెంటుకే ఉంది, రాష్ట్రంలో శాసనమండలి బిల్లును కొన్నాళ్లు ఆపగలదు గానీ చివరి మాట శాసనసభదే. కోరం (సభ నడవడానికి ఉండాల్సిన కనీస హాజరు) కూడా వేరు. లోక్‌సభలో మొత్తం సభ్యుల్లో పదో వంతు చాలు. శాసనసభలో పది మంది లేదా పదో వంతు, ఏది ఎక్కువైతే అది. అంటే 175 మంది ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో 18 మంది, 119 మంది ఉన్న తెలంగాణలో 12 మంది.

బిల్లు సభ: కష్టం ఎక్కువ, ఫలం ఇంకా ఎక్కువ

45 నిమిషాల పీరియడ్లు ఐదు, 40 మంది తరగతి, ఒక పేజీకి మించని బిల్లు. వీటితో పని అయిపోతుంది. మైకు, వేదిక, ఖద్దరు దుస్తులు ఏవీ అక్కర్లేదు.

అంతా సీట్ల లెక్క దగ్గరే ఉంది. ఒకరు స్పీకర్, ఒకరు శాసనసభ కార్యదర్శి, మిగిలింది 38 మంది. చాలామంది టీచర్లు అధికార పక్షానికి 25, ప్రతిపక్షానికి 13 ఇస్తారు. ఆ క్షణమే ఆట ముగిసింది. 16, 13, 6, 3 అని నాలుగు పార్టీలుగా విడగొట్టి చూడండి. పెద్ద పార్టీ ముగ్గురు సభ్యుల పార్టీని కలుపుకుంటే 19. మిగతా రెండూ కలిస్తే అదీ 19. సరిసమానమైతే స్పీకర్ నిర్ణాయక ఓటు వేయాలి, మామూలుగా ఆయనకు ఓటు లేదు (ఆర్టికల్ 189). ఆరుగురి పార్టీ పెద్ద పార్టీ వైపు ఒరిగితే దానికి మెజారిటీ, ఒరగకపోతే సరిసమానం, కాబట్టి బేరాలు మొదలవుతాయి. 'మీ సవరణ ఒప్పుకుంటాం, మా బిల్లుకు ఓటేయండి' అనే మాట ఏ పాఠ్యపుస్తకమూ నేర్పకుండానే పిల్లల నోట వస్తుంది. ఒక్క ఓటు విలువ చెప్పాలంటే 1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో వాజ్‌పేయి ప్రభుత్వం 269-270తో పడిపోయిన సంగతి చెబితే చాలు.

బిల్లుకు పిల్లల కళ్లముందున్న విషయం ఎంచుకోవాలి. ఉదాహరణకు 'బడుల దగ్గర జంక్ ఫుడ్ అమ్మకాల నియంత్రణ బిల్లు'. ఐదు క్లాజులు: పేరు, అమలు తేదీ (రెండూ ఒకే క్లాజు), నిర్వచనాలు, బడికి 100 మీటర్ల లోపు అమ్మకంపై నిషేధం, జరిమానా 5,000 రూపాయలు, నిబంధనలు చేసే అధికారం ప్రభుత్వానిది. పిల్లలను ముందు అడగవలసింది ఇది రాష్ట్రం చేయగల చట్టమేనా అని. ప్రజారోగ్యం రాష్ట్ర జాబితాలో ఉంది. అయితే 2020 నాటి కేంద్ర ఆహార భద్రత నిబంధనల్లో 50 మీటర్ల హద్దు ఇప్పటికే ఉంది. రెండింటికీ పొత్తు కుదరకపోతే ఏమవుతుందో అడగండి, ఆర్టికల్ 254 (కేంద్ర, రాష్ట్ర చట్టాలు ఢీకొంటే ఏది చెల్లుతుందో చెప్పేది) పాఠం దానంతట అదే వస్తుంది.

మొదటి పీరియడ్‌లో పార్టీలు, నియమాలు. రెండోదాంట్లో బిల్లు ప్రవేశపెట్టడం, సాధారణ చర్చ: ఎనిమిది మంది, తలకు మూడు నిమిషాలు. మూడోదాంట్లో సెలెక్ట్ కమిటీ, అంటే బిల్లును లోతుగా పరిశీలించే సభ్యుల చిన్న బృందం. పార్టీల బలాన్ని బట్టి 4, 3, 2, 1 చొప్పున పది మంది. మిగతావాళ్లలో ముగ్గురు సాక్షులు: తోపుడు బండి వ్యాపారి, ఒక తల్లి, ఒక వైద్యురాలు. అదే సమయంలో తక్కినవాళ్లు సవరణలు కాగితం మీద రాయాలి. నాలుగో పీరియడ్ క్లాజుల వారీ చర్చ, ఐదోది తుది ఓటు, దాని మీద మాటామంతీ.

పట్టు తప్పేది నాలుగో పీరియడ్‌లోనే. 'జంక్ ఫుడ్' నిర్వచనం దగ్గర సభ కూరుకుపోతుంది. మిరపకాయ బజ్జీ జంక్ ఫుడ్డేనా? పల్లీ పట్టీ? ప్యాకెట్‌లో వచ్చింది మాత్రమేనా? 100 మీటర్లు గేటు నుంచా, ప్రహరీ నుంచా? ప్రహరీ నుంచి కొలిస్తే పెద్ద మైదానం ఉన్న బడి చుట్టూ ఒక వీధి మొత్తం మూతపడుతుంది. ఈ గొడవను తుంచకండి, చట్టం రాయడమంటే ఇదే. కాకపోతే మొత్తం సవరణలను ఐదుకు పరిమితం చేయండి: ముందు రోజే రాసి కార్యదర్శికి ఇవ్వాలి, అనుకూలంగా రెండు నిమిషాలు, వ్యతిరేకంగా రెండు, ఒక నిమిషం ఓటుకు. 25 నిమిషాల్లో అయిపోతుంది. ఓటింగ్ రెండో క్లాజు నుంచి మొదలవుతుంది, పేరు ఉన్న మొదటి క్లాజు ఆఖరున వస్తుంది. లోపల ఏముందో తేలకుండా పేరు ఎలా ఖాయం చేస్తారు?

ముందు మూజువాణి ఓటు (నోటితో అవును, కాదు అనడం), ఎవరైనా పట్టుబడితే డివిజన్, అంటే లేచి నిలబడి లెక్క. ఇక్కడ లెక్క తప్పని తరగతి అరుదు. ఆ రోజు 34 మంది వచ్చారు, నలుగురు తటస్థంగా ఉన్నారనుకోండి. నెగ్గడానికి ఎన్ని కావాలంటే పిల్లలు 38లో సగానికి పైన 20 అంటారు. హాజరై ఓటేసినవాళ్లనే లెక్కించాలి: 30 మంది, కాబట్టి 16 చాలు. తటస్థంగా కూర్చోవడం కూడా ఫలితాన్ని మారుస్తుందని అప్పుడే తెలుస్తుంది.

విప్ (ఇలాగే ఓటేయాలని పార్టీ ఇచ్చే ఆదేశం) సంగతి ముందే తేల్చుకోవాలి. పదో షెడ్యూలు (1985) ప్రకారం పార్టీ ఆదేశానికి విరుద్ధంగా ఓటేసిన సభ్యుడిని 15 రోజుల్లోపు పార్టీ క్షమించకపోతే సభ్యత్వం పోవచ్చు. సవరణలకు స్వేచ్ఛ ఇచ్చి, తుది ఓటుకు మాత్రం విప్ పెడితే రెండు లోకాలూ పిల్లలు చూస్తారు. ఇంకో అపోహ: బిల్లు ఓడితే ప్రభుత్వం పడిపోతుందని. మామూలు బిల్లు ఓడినంత మాత్రాన రాజీనామా అక్కర్లేదు, అవిశ్వాసం నెగ్గితే తప్పదు.

స్పీకర్‌గా వక్తను పెట్టకండి. గడియారం చూడగలిగి, స్నేహితుణ్ని కూడా 'కూర్చోండి' అనగలిగిన పిల్లో పిల్లాడో కావాలి. టీవీలో చూసిన నినాదాలు, పోడియం దగ్గరికి దూసుకెళ్లడం ఇక్కడా వస్తాయి. ఒక హెచ్చరిక, రెండోసారికి ఐదు నిమిషాల బహిష్కరణ, ఆ వ్యవధిలో పడే ఓటు పోయినట్టే. 19-19 సభలో ఆ భయం బాగా పనిచేస్తుంది, సొంత పార్టీ వాళ్లే చొక్కా పట్టి కూర్చోబెడతారు. టీచర్ చోటు సందర్శకుల గ్యాలరీ. మధ్యలో లేచి సరిదిద్దితే స్పీకర్ కుర్చీకి విలువ పోతుంది, చెప్పాల్సింది చీటీ రాసి కార్యదర్శికి పంపండి.

గ్రామసభ: చిన్నది, కానీ డబ్బు లెక్క నేర్పేది ఇదే

గ్రామసభ చట్టాలు చేయదు. ఇక్కడ ప్రతినిధులు లేరు, ఓటర్ల జాబితాలో ఉన్న ఊరందరూ సభ్యులే (ఆర్టికల్ 243లోని (బి) నిర్వచనం). అందుకే ఆరో తరగతి పిల్లాడికి కూడా సులభంగా తలకెక్కుతుంది, తరగతిలో ఎవరూ ప్రేక్షకులు కారు. రెండు పీరియడ్లు చాలు.

ఒక ఊహా పంచాయతీకి 5 లక్షల రూపాయల ఆర్థిక సంఘం నిధులు వచ్చాయనుకుందాం. బోర్డు మీద పనుల జాబితా: మంచినీటి బోరు మోటారు మరమ్మతు 60,000, మురుగు కాలువ 2,40,000, అంగన్‌వాడీ మరుగుదొడ్డి 1,50,000, వీధి దీపాలు 90,000, సీసీ రోడ్డు 3,50,000. మొత్తం 8,90,000. తరగతి దాదాపుగా రోడ్డుకే చేతులెత్తుతుంది. అప్పుడు పంచాయతీ కార్యదర్శి పాత్రధారి నియమం చదవాలి: 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలన్నది ఆ కాలపు నియమం. అంటే ఇష్టం వచ్చిన పనికి మిగిలేది 2 లక్షలే, రోడ్డు దాంట్లో పట్టదు. మోటారు, కాలువ కలిపితే సరిగ్గా 3 లక్షలు. దీపాలు పోగా 1,10,000 మిగులుతుంది, మరుగుదొడ్డికి 40,000 తక్కువ. ఇక చర్చ దాని మీద: దీపాలు సగం తగ్గించాలా, కాలువ పొడవు కుదించాలా? నీటికీ పారిశుద్ధ్యానికీ అసలు లెక్కలో వేర్వేరు పద్దులుంటాయి, చిన్న తరగతులకు ఒకటిగా చూపితే సరిపోతుంది.

సర్పంచ్ పాత్రను తరగతి లీడరుకు కట్టబెట్టడం పరిపాటి. రెండు రాష్ట్రాల్లోనూ సర్పంచ్ పదవుల్లో సగం మహిళలకు రిజర్వ్ అయ్యాయి, చీటీ తీసి ఈ పంచాయతీ మహిళా రిజర్వుడో కాదో తేల్చండి. తీర్మానాన్ని మినిట్స్ పుస్తకంలో రాసి హాజరైన వారందరి సంతకాలు తీసుకోవడం మరవద్దు. ఖాళీ పేజీ మీద ముందే సంతకాలు పెట్టమంటే పిల్లలు ఏమంటారో చూడటం కూడా ఒక పాఠమే.

మోడల్ యూఎన్ (ఐక్యరాజ్యసమితి నమూనా సభ) గురించి కొన్ని బడులు అడుగుతుంటాయి. ఇంగ్లీషులో మాట్లాడే ధైర్యానికి, ప్రపంచ వ్యవహారాలకు మంచిదే. కానీ అక్కడ మంత్రివర్గం లేదు, ప్రతిపక్షం లేదు, జనరల్ అసెంబ్లీ తీర్మానాలు సాధారణంగా దేశాలను బంధించవు. శాసనసభ పాఠానికి అది బదులు కాదు.

మీ బడికి ఏది?

నాలుగు రోజుల్లో చేసి చూపించమని ఉత్తర్వు వస్తే గ్రామసభ పెట్టండి, స్క్రిప్టు బట్టీ పట్టించే పని పెట్టుకోవద్దు. రెండు వారాలు ఉండి తొమ్మిదో తరగతి చేతిలో ఉంటే బిల్లు సభ. తరగతిలో 60 మంది ఉంటే 20 సీట్లను ఇద్దరికొకటి చొప్పున ఇచ్చి, ఒకరు మాట్లాడితే ఇంకొకరు ఓటేసేలా చేయవచ్చు, 38 సీట్ల లెక్క చెడదు. నలభై మందికి తక్కువైతే పార్టీల బలాన్ని సగానికి దించి 8, 6, 3, 1 చేయండి: 9-9 వస్తుంది, స్పీకర్ ఓటు బతికే ఉంటుంది. పోటీ పిలుపు వచ్చిన బడి కూడా ముందు బిల్లు సభ నడిపి, అందులో నిజంగా వచ్చిన వాదనల్లోంచే యూత్ పార్లమెంట్ స్క్రిప్టు రాసుకోవచ్చు. ప్రసంగాలకున్న 30 మార్కులు తెచ్చుకోవడానికి కూడా అదే దగ్గరి దారి, మాటలు పిల్లలవే కాబట్టి బట్టీ పట్టే బాధ సగం తగ్గుతుంది.