మా కౌంటీ ప్రాపర్టీ మ్యాప్: పన్ను చూసుకోవడానికి బాగుంది, కంచె వేసుకోవడానికి కాదు

మార్చిలో గాలివానకి మా పెరటి కంచె పడిపోయింది. కొత్తది వేయించే ముందు మన స్థలం ఎక్కడిదాకా ఉందో చూద్దామని పన్ను కోసం ఇళ్లకి విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైట్‌లో మ్యాప్ తెరిచాను. మేముండేది టెక్సాస్‌లో. ఇక్కడి 254 కౌంటీల్లో సైట్లు రకరకాలుగా ఉన్నా లోపల దొరికే వివరాలు దాదాపు ఒకటే, అందుకే మా కౌంటీ పేరు రాయడం లేదు.

వెతకడం చాలా తేలిక. ఇంటి నంబరు, వీధి పేరు కొడితే చాలు. లాగిన్ లేదు, ఫీజు లేదు. యజమాని పేరు, ప్రాపర్టీ ఐడీ, స్థలం విలువ, ఇంటి విలువ, ఏయే సంస్థలకి పన్ను కడుతున్నామో అన్నీ ఒకే పేజీలో వస్తాయి. అడంగల్ కోసం ఎన్నోసార్లు ఆఫీసు చుట్టూ తిరిగిన మా నాన్నకి వీడియో కాల్‌లో చూపించాను.

"సర్వే నంబరేదమ్మా?" అన్నారు.

"మా ఇంటికి అలా ఉండదు నాన్నా. సబ్‌డివిజన్, అంటే కాలనీ పేరు, బ్లాక్ సి, లాట్ 14, అంతే."

"మరి చెక్కుబందీ? తూర్పున ఎవరు, పడమర ఎవరు?"

అదీ లేదు. లాట్ కొలతలు కావాలంటే కౌంటీ క్లర్క్ దగ్గర రిజిస్టరైన లేఅవుట్ ప్లాన్ చూడాలి. నాన్నకి ఇదేమీ నచ్చలేదు. హద్దులు రాయని కాగితాన్ని ఎలా నమ్ముతావన్నారు.

ఆయన అన్నదే నిజమైంది. మ్యాప్‌లో ఏరియల్ ఫొటో ఆన్ చేస్తే, మా హద్దు చూపించే పసుపు గీత పక్కింటివాళ్ల వరండా మీదుగా, సరిగ్గా వాళ్ల బార్బెక్యూ గ్రిల్ మధ్యలోంచి పోతోంది. దాదాపు మూడడుగులు మాకే రావాలన్నట్టు ఉంది! మా ఆయన టేపు పట్టుకుని బయటికి వెళ్లబోయారు. నాకు టెన్షన్ మొదలైంది, నాలుగేళ్లుగా ఎంతో బాగుండే మనుషులు వాళ్లు. కాస్త జూమ్ తగ్గించి చూస్తే విషయం అర్థమైంది. మా వీధిలో ప్రతి ఇంటి గీతా అదే వైపుకి, అంతే జరిగి ఉంది. ఫొటోకీ గీతలకీ పొంతన కుదరలేదు, అంతే. ఇల్లు కొన్నప్పటి ఫైల్లోంచి సర్వే కాగితం తీసి, అందులో చూపించిన మూల దగ్గర నాలుగంగుళాలు తవ్వితే హద్దు గుర్తుగా పాతిన ఇనప రాడ్ తగిలింది. పాత కంచె సరైన చోటే ఉండేది. కరెంటు, కేబుల్ లైన్ల కోసం వదిలిన ఈజ్‌మెంట్ కూడా సర్వేలోనే ఉంది, ఈ మ్యాప్‌లో లేదు.

అయినా ఈ సైట్ అంటే నాకు గౌరవమే. 2024లో మాకు డబ్బు మిగిల్చింది ఇదే. మేం ఇల్లు కొన్నది 2022లో. క్లోజింగ్ రోజు, అంటే ఇల్లు మా పేరు మీదకి మారిన రోజు పెట్టిన సంతకాల్లో హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ (సొంతంగా ఉండే ఇంటికి ఇచ్చే పన్ను మినహాయింపు) కూడా ఉందనుకున్నాం. రికార్డులో ఎగ్జెంప్షన్స్ దగ్గర ఖాళీ చూసి గుండె ఆగినంత పనైంది. పన్ను గడువు దాటిన తేదీ నుంచి రెండేళ్లలోపు ఆలస్యంగానైనా అప్లై చేసుకోవచ్చు. మేం పెట్టాం, కట్టిన పన్నులో కొంత చెక్కు రూపంలో వెనక్కి వచ్చింది. స్కూల్ డిస్ట్రిక్ట్ పన్ను లెక్కలో 2023 నుంచి లక్ష డాలర్లు, 2025 నుంచి లక్షా నలభై వేలు ఇంటి విలువలోంచి తీసేస్తారు. పైగా ఇది ఉంటే, ఇంటికి కొత్తగా ఏదీ కట్టనంతవరకు, పన్ను వేసే విలువను ఏడాదికి 10 శాతం మించి పెంచకూడదు. అప్లికేషన్ ఉచితం. ఫీజిస్తే మేం పెట్టిస్తామంటూ సర్కారు కాగితంలా కనిపించే ఉత్తరాలొస్తాయి, వాటికి ఒక్క డాలర్ కూడా కట్టకండి.

ఇంటికి కట్టిన విలువ మీద మే 15లోపు ప్రొటెస్ట్ (అభ్యంతరం) వేయాలనుకునేవాళ్లు ఇంటి చదరపు అడుగులు తప్పకుండా సరిచూసుకోండి. పక్కిళ్ల విలువలు కూడా ఇక్కడే దొరుకుతాయి, కానీ అవి అమ్ముడుపోయిన ధరలు కావు. టెక్సాస్‌లో ఆ ధర బయటపెట్టాలన్న నియమం లేదు.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఈ గీతలు సర్వే కావన్న హెచ్చరికని మూలన అంత చిన్న అక్షరాల్లో పెట్టినందుకు ఒకటి తగ్గించాను.