అతిగా తినడం నుంచి బయటపడాలంటే: కఠినమైన డైటా, వేళకు భోజనమా?

రాత్రి అదుపు లేకుండా తినడం, తెల్లారి ఉపవాసం. ఏళ్ల తరబడి ఇదే నా బతుకు. రెండు దారులూ నడిచి చూశాను.

ఖర్చు
డైట్: పౌడర్లు, ప్యాకేజీలు, నెలనెలా ఫీజు.
వేళకు భోజనం: ఇంట్లో వండే అన్నం, పప్పు, పెరుగే.

శ్రమ
డైట్: మొదటి వారం హుషారు, తర్వాత నరకం.
వేళకు భోజనం: మొదటి వారమే కష్టం. రాత్రి ఎంత తిన్నా సరే, పొద్దున ఇడ్లీ మానకూడదు.

ప్రమాదం
అసలు తేడా ఇక్కడే. రోజంతా కడుపు మాడ్చుకుంటే, వద్దనుకున్న తిండే కళ్ల ముందు తిరుగుతుంది. లైటు వేయకుండా, మూత చప్పుడు కాకుండా మిక్చర్ డబ్బా తీసి, నిలబడే ఖాళీ చేసేదాన్ని. ఆకలి తీరినా చెయ్యి ఆగేది కాదు. అందుకే సీబీటీలో (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మానసిక చికిత్స) ముందు మూడు పూటలా భోజనం, మధ్యలో రెండు మూడు చిరుతిళ్లు అలవాటు చేస్తారు. మూడు నాలుగు గంటలకు మించి ఖాళీ కడుపుతో ఉండనివ్వరు.

బరువు
వేళకు తింటే వెంటనే తగ్గకపోవచ్చు. ఆ టెన్షన్ నాకూ ఉండేది.

ఎవరికి ఏది?
షుగర్ లాంటి జబ్బుంటే డాక్టరు చెప్పిన పథ్యం తప్పదు, కానీ పూట మానొద్దు. మిగతా అందరికీ నా మాట వేళకు భోజనమే. మూడు నెలలుగా వారానికి ఒకసారైనా అదుపు తప్పుతుంటే మానసిక వైద్యుల్ని కలవండి. ఎవరికి చెప్పుకోవాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితమే.