షట్టరా, మేడ మీద గదా? పాముల వ్యాపారంలో హైదరాబాద్‌కు ఏది మేలు?

"అన్నా, షట్టర్ తీసుకోనా, ఇంట్లోనే బ్రీడింగ్ పెట్టుకోనా?" నెలకు ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు ఫోన్ చేసి ఇదే అడుగుతారు. కుక్కలు, పిల్లుల సంగతి కాదు. బాల్ పైథాన్లు, కార్న్ స్నేకులు అనే విషం లేని విదేశీ పాములు, బియర్డెడ్ డ్రాగన్లు అనే విదేశీ తొండల సంగతి. నేను రెండూ చేసినవాణ్ణి. అత్తాపూర్‌లో మూడేళ్లు షట్టర్ నడిపి మూసేశాను. ఇప్పుడు రామంతాపూర్‌లో మా ఇంటి మేడ మీద గదిలో పెంచుతున్నాను. పక్కింటివాళ్లు "పైన ఏం పెంచుతున్నారండీ?" అంటే మా ఆవిడ ఇప్పటికీ "చేపలు" అనే చెబుతుంది.

షట్టర్ తీసుకుంటే రోజంతా పాములతో గడుపుతామనుకుంటారు. నేనూ అలాగే అనుకుని దిగాను. పొద్దున పదింటికి తెరిచి నీళ్ల గిన్నెలు కడిగి, పెంట తీసి, థర్మామీటర్లు చూసుకునేసరికి పదకొండున్నర. అక్కడితో పాముల పని అయిపోయినట్టే. ఆ తర్వాత రాత్రి తొమ్మిదింటి దాకా మనుషులతో మాట్లాడటమే పని. "కరుస్తుందా?" "విషం ఉందా?" "పాలు తాగుతుందా?" ఈ మూడు ప్రశ్నలకు రోజుకు ముప్పైసార్లు నవ్వుతూ జవాబు చెప్పగలిగినవాడికే షాపు. వచ్చిన పదిమందిలో తొమ్మిదిమంది ఫోటో దిగి వెళ్లిపోతారు. ఇది ఫిర్యాదు కాదు, ఆ ఫోటో చూసి వచ్చినవాళ్లూ ఉన్నారు. కానీ అద్దె మాత్రం ఫోటోలతో రాదు.

నాగ పంచమి రోజు సంగతి వేరేగా చెప్పాలి. మొదటి ఏడాది నాకు తట్టలేదు. పొద్దున్నే ఒక పెద్దావిడ చిన్న గ్లాసులో పాలు, పసుపు, కుంకుమ పట్టుకుని వచ్చింది. "బిడ్డా, ఒక్కసారి చూపియ్యి, దండం పెట్టుకుంట." అద్దాల పెట్టెలో ఉన్నది ఆఫ్రికా నుంచి వచ్చిన జాతి, పడగ కూడా లేదు. పాము పాలు తాగదమ్మా, పడదు, ఊపిరితిత్తుల్లోకి పోతే చచ్చిపోతుంది అని చెప్పాను. ఆవిడ పాలు బయట మెట్టు మీద పెట్టి, అద్దానికి దండం పెట్టుకుని వెళ్లింది. ఆ ఒక్కరోజే మంది లైన్ కట్టారు. అమ్మకం సున్నా. మరుసటి ఏడాది నుంచి ఆ రోజు షట్టర్ దించేశాను.

షట్టర్‌కు ఇంకో తలనొప్పి, మనం అడగకుండానే జంతువులు నడిచి రావడం. సంచిలో నక్షత్ర తాబేలు తెచ్చి "ఎంతకు తీసుకుంటవన్నా?" అనేవాళ్లు, రెండు తలల పాము దొరికింది, లక్షలు పలుకుతుందట అని చెవిలో చెప్పేవాళ్లు. ఆ రెండు తలల పాముకు ఉన్నది ఒకే తల, తోక కాస్త మొద్దుగా ఉంటుంది, అంతే. దాని పేరు మీద లక్షల్లో మోసాలు జరుగుతున్నాయి. మన దేశపు పాముల్లో, తాబేళ్లలో దేన్నీ పెట్టుకోకూడదు, కొనకూడదు, అమ్మకూడదు. నక్షత్ర తాబేలు ఇప్పుడు వన్యప్రాణి చట్టంలో గట్టి రక్షణ ఉన్న షెడ్యూల్ 1లో ఉంది. దానితో పట్టుబడితే కనీసం 3 ఏళ్లు, ఎక్కువలో ఎక్కువ 7 ఏళ్లు జైలు. సంచి విప్పకముందే పంపించేయాలి, మన కౌంటర్ మీద విప్పనివ్వకూడదు. ఇంట్లోకి పాము వచ్చిందని ఫోన్ చేసేవాళ్లకు మాత్రం ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ నంబర్ ఇచ్చేవాణ్ణి. మేడ మీద గదికి ఈ గోలేదీ ఉండదు. బోర్డు లేదు, ఎవరూ రారు.

ఇక డబ్బు. షాపులో పాము అమ్మితే లాభం అనుకుంటారు. లెక్క వేసుకోండి. బాల్ పైథాన్ సరిగ్గా చూసుకుంటే పాతికేళ్లు, ముప్పై ఏళ్లు బతుకుతుంది. కొన్న కుర్రాడు రెండోది కొనడానికి ఎప్పుడు వస్తాడు? ఇంట్లోవాళ్లు ఆ ఒక్కదానికే ఒప్పుకున్నది గొప్ప. అదే కుర్రాడు ఫ్రీజ్ చేసిన ఎలుకల కోసం మాత్రం నెల నెలా వస్తాడు. డ్రాగన్ కొన్నవాడికి యూవీబీ బల్బు, అంటే ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలిచ్చే బల్బు కావాలి. అది వెలుగుతూనే ఉంటుంది కానీ ఆరు నెలలు, ఏడాది గడిచేసరికి అందులోంచి రావాల్సిన కిరణాలు తగ్గిపోతాయి. మార్చకపోతే డ్రాగన్‌కు ఎముకలు మెత్తబడి కాళ్లు వంకర పోతాయి. కాబట్టి ఏడాదికి ఒకటో రెండో బల్బులు, కాల్షియం పొడి, కీచురాళ్లు. మూడేళ్లలో షాపు అద్దె కట్టింది పాములు కాదు, ఈ సరుకే. ఇది ముందే తెలిసి ఉంటే షోకేసులో పాములు సగం పెట్టి, మిగతా సగంలో బల్బులు, ఎలుకలు పెట్టుకునేవాణ్ణి. నేను ఉల్టా చేశాను.

మేడ మీద గదిలోనూ నేను అనుకున్న పని వేరు, చేస్తున్న పని వేరు. నేను పాముల పెంపకందారుణ్ణి అని కార్డు కొట్టించుకోవచ్చు గానీ, నిజానికి నేను ఎలుకల పెంపకందారుణ్ణి. నా దగ్గర పెద్ద బాల్ పైథాన్లు పదహారు. పది రోజులకొకటి చొప్పున నెలకు దాదాపు యాభై ఎలుకలు. అది ఏముంది అనిపిస్తుంది. పిల్లలు పొదిగాక చూడాలి. ఒక ఈతకు నాలుగు నుంచి ఎనిమిది గుడ్లు, ఎనిమిది ఈతలు దిగితే యాభై పిల్లలు. ఒక్కోదానికి వారానికొక చిన్న ఎలుక. నెలకు రెండు వందలు. అవి కూడా ఏ సైజు పడితే ఆ సైజు కాదు, పాము నడుము మందానికి సరిపోయే సైజే కావాలి. ఎలుకకు గర్భం 21 నుంచి 23 రోజులు, ఈతకు పది పిల్లలు అనుకుందాం. ఒక్క నెల లెక్క తప్పితే యాభై నోళ్లు ఖాళీగా ఉంటాయి. నేను నిద్రలో కూడా ఈ లెక్కే వేసుకుంటాను. వాసన సంగతి చెప్పక్కర్లేదు. పాముల నుంచి పెద్దగా వాసన రాదు. ఎలుకల పెట్టెలు మూడు రోజులు వదిలేస్తే కళ్లు మండుతాయి.

పిల్లలు గుడ్డు చీల్చుకుని రాగానే అమ్మేయొచ్చని కొందరు అంటారు. అమ్మేవాళ్లూ ఉన్నారు. వారం పది రోజులకు మొదటి కుబుసం విడిచాకే అవి తినడం మొదలుపెడతాయి. కొన్ని మొండికేస్తాయి. నాలుగు సార్లు తిన్నాక గానీ నేను ఇవ్వను. అందుకే గుడ్లు పెట్టినప్పటి నుంచి చేతికి డబ్బు వచ్చేసరికి నాలుగు నెలలు దాటుతుంది. ఆడపాము గుడ్లు పెట్టే వయసుకు రావాలంటే మూడేళ్లు, బరువు కిలోన్నర దాటాలి. పిల్లలుగా కొని మొదలుపెట్టినవాడికి నాలుగో ఏడాది దాకా రూపాయి రాదు. షట్టర్‌కు మొదటి రోజే ఏదో ఒకటి గల్లాలో పడుతుంది. ఈ ఒక్క విషయంలో షట్టర్‌దే పైచేయి, కాదనను.

ఇప్పుడు అసలు సంగతి, మే నెల. బయటి దేశాల వీడియోల్లో అంతా వేడి ఎలా పెంచాలో చెబుతారు. అక్కడ చలి కదా. హైదరాబాద్‌లో ఏడాదిలో ఎక్కువ రోజులు మనకు హీటర్ అవసరమే తక్కువ. మన కష్టం చల్లబరచడం. బాల్ పైథాన్లు చలికాలంలో జత కడతాయి, ఫిబ్రవరి, మార్చి నుంచి గుడ్లు దిగుతాయి. గుడ్లు 31, 32 డిగ్రీల దగ్గర 55 నుంచి 60 రోజులు ఉండాలి. అంటే సరిగ్గా ఎండలు 40 దాటే రోజుల్లో ఇంక్యుబేటర్ నిండుగా ఉంటుంది. మామూలు ఇంక్యుబేటర్ వేడి చేయగలదు గానీ చల్లబరచలేదు. గది 36 ఉంటే లోపల కూడా 36. థర్మోస్టాట్ హీటర్‌ను ఆపేసి చూస్తూ కూర్చుంటుంది.

గది పెట్టిన రెండో ఏడాది మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఏసీ ఆగింది, ఇన్వర్టర్ ఫ్యాన్లకే సరిపోయింది. నేను బంధువుల పెళ్లిలో ఉన్నాను. సాయంత్రం వచ్చి చూస్తే ఇంక్యుబేటర్‌లో 37 దాటి ఉంది. మూడు ఈతల గుడ్లు, పంతొమ్మిది. రెండు వారాల తర్వాత చీకట్లో టార్చ్ పెట్టి చూస్తే పదమూడింటిలో నరాలు కనిపించలేదు, పసుపు పచ్చగా లోపలికి కుంగిపోయాయి. మిగిలిన ఆరింటిలో నాలుగు పొదిగాయి, ఒకదానికి వెన్ను వంకర. ఎలుకలు కూడా పదకొండు పోయాయి. వేడికి పాముకన్నా ముందు ఎలుక పడిపోతుంది. అప్పటి నుంచి పాత ఫ్రిజ్ పెట్టెలో గుడ్లు పెడుతున్నాను, చుట్టూ నీళ్ల సీసాలు నింపి. నీళ్లు వేడెక్కడానికి టైమ్ పడుతుంది, ఆ రెండు మూడు గంటలే మనకు కావాల్సింది. ఏసీకి వేరే బ్యాటరీ. మేలో పెళ్లిళ్లకు మా ఆవిడ ఒక్కతే వెళ్తుంది. బంధువుల్లో నా గురించి ఏమనుకుంటున్నారో నాకు తెలుసు.

ఇదే మే నెల షట్టర్‌లో మూడేళ్లూ ఏ నష్టం లేకుండా గడిచింది. నాలుగు పెట్టెలను ఇంటికి తెచ్చి హాల్లో పెట్టుకుంటే సరిపోయేది. గుడ్లు లేనివాడికి టెన్షన్ లేదు.

బియర్డెడ్ డ్రాగన్లతో మొదలుపెడతామని కొందరు అంటారు. మా అమ్మ వాటిని ముళ్ల తొండలు అంటుంది. షాపుకు బాగుంటాయి, చేతి మీద కూర్చుంటాయి, పిల్లలు భయపడరు. గదికి మాత్రం వద్దంటాను. ఈతకు ఇరవై దాకా గుడ్లు, ఒకే సీజన్‌లో మళ్లీ మళ్లీ. ఆ పిల్లలు రోజుకు రెండు మూడుసార్లు కీచురాళ్లు తినాలి, ఆకలైతే పక్కదాని వేలు, తోక కొరికేస్తాయి. కీచురాళ్ల డబ్బాలు రాత్రంతా పాడతాయి. కింది అంతస్తులో అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసింది పాముల వల్ల కాదు, ఈ పాటల వల్ల. కార్న్ స్నేక్ నెమ్మది జీవి, మంచిది, కానీ ఈతకు పది పదిహేను దిగితే కొనేవాళ్లు అంతమంది ఉండాలి కదా.

కాగితాలు రెండింటికీ తప్పవు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972కు 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సైటిస్ అనే అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం జాబితాల్లోని విదేశీ జంతువులు షెడ్యూల్ 4లోకి వచ్చాయి, బాల్ పైథాన్ వాటిలో ఒకటి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం అలాంటివాటిని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. పుట్టినా, చచ్చినా, చేతులు మారినా చెప్పాలి. కార్న్ స్నేక్, బియర్డెడ్ డ్రాగన్ ఆ జాబితాల్లో లేవు, అయినా ప్రతి బిల్లూ నేను ఫైల్‌లో దాచుకుంటాను. షాపు పెడితే 2018 నాటి పెట్ షాప్ నియమాల కింద రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్ట్రేషన్ అదనం. గదిలో అయితే పుట్టిన ప్రతి పిల్లకూ ఒక లైను రాసుకోవాలి. యాభై పిల్లలు పుట్టిన నెలలో నేను సగం గుమాస్తానే. "కాగితాలు లేకుండా తక్కువకు ఇస్తా" అనేవాడి దగ్గర కొంటే మీ గదిలో పుట్టినవాటికి కూడా కాగితం ఉండదు, ఆ పిల్లల్ని ఎవరికి అమ్ముతారు?

నన్ను అడిగితే, ఉద్యోగం ఉన్నవాడు గదితో మొదలుపెట్టాలి, ఉద్యోగం మానకుండా. రెండు ఆడవి, ఒక మగది, అంతే. బాల్ పైథాన్లలో స్పైడర్ మార్ఫ్ అనే రంగు రకం జోలికి పోవద్దు, చూడ్డానికి బాగుంటుంది కానీ తల వణుకుతూనే ఉంటుంది, ఆ లక్షణం ఆ రంగుతోనే వస్తుంది. మాటకారి, ఉద్యోగం లేదు, నెల తిరిగేసరికి డబ్బు కావాలి అనేవాడికి షట్టరే నయం. కానీ పాముల షాపు అని కాదు, మేత, బల్బుల షాపు అని పెట్టుకోవాలి. రెండూ ఒకేసారి అనేవాళ్లకు మాత్రం వద్దనే చెబుతాను. ఆఖరి ఏడాది నేను అదే చేశాను. పగలు షట్టర్, రాత్రి ఎలుకలు. షాపుకు బయటి నుంచి వచ్చిన ఒక పాము ఒంటి మీద నుంచి పురుగులు నా బట్టలతో గదిలోకి చేరాయి. గది మొత్తం కడిగి, పెట్టెలన్నీ ఎండబెట్టి, మళ్లీ మొదలుపెట్టడానికి రెండు నెలలు పట్టింది. షట్టర్ ఆ నెలలోనే ఖాళీ చేశాను.

ఇప్పుడు నా పిల్లలు తెలిసినతని అక్వేరియం షాపులో ఒక అర మీద ఉంటాయి. అతని కమీషన్ అతనిది. "కరుస్తుందా" అన్న ప్రశ్నకు జవాబు అతనే చెబుతాడు. కొన్నవాళ్లకు నా నంబర్ ఇస్తాడు, నవంబర్ రాగానే రాత్రి పదకొండింటికి ఫోన్లు మొదలవుతాయి, "అన్నా, నెల రోజులైంది, తినట్లేదు." బరువు తూచావా అని అడుగుతాను. తగ్గలేదంటే, చలికాలం, మగది, జనవరి తర్వాత తింటుంది, పడుకో తమ్ముడూ అని పెట్టేస్తాను.