నల్గొండలో ఫ్రెంచ్: రిటైర్డ్ లెక్చరర్ మేడం క్లాసులు ఎట్లా ఉంటాయంటే

ఇంటర్‌లో ఫ్రెంచ్ అంటే మన దగ్గర మార్కుల సబ్జెక్టు. నోరు విప్పకుండా జవాబులు బట్టీ పట్టినా గట్టెక్కుతుంది. ఏళ్ల తరబడి ఆ సెకండ్ లాంగ్వేజే చెప్పి రిటైరైన మేడం ఇప్పుడు ఇంటి దగ్గర నేర్పే తీరు దానికి పూర్తిగా ఎదురు. మొదటి నెల పుస్తకం ముట్టనివ్వరు. అక్షరం కనబడితే ఇంగ్లిష్‌లా చదివేస్తామని ఆమె భయం. అది నిజమే.

తెలుగు నోటికి ఏది వస్తుందో, ఏది రాదో ఆమెకు కొట్టిన పిండి. త, ద లను పళ్లకు ఆనించడం, ప, క లను ఊపిరి ఊదకుండా పలకడం మనకు ముందే వచ్చు. ఇబ్బంది 'యు' అచ్చుతో. నాలుకను 'ఈ' దగ్గరే ఉంచి పెదవులను 'ఊ'లా గుండ్రంగా చుట్టాలి. నాలుక వెనక్కి జారితే 'దెస్యు' (పైన) కాస్తా 'దెసు' (కింద) అవుతుంది, బల్ల మీది గ్లాసు బల్ల కిందికి పోతుంది. ముక్కు అచ్చులకు చేతికి అద్దం ఇస్తారు. మన సున్నా పక్క అక్షరాన్ని బట్టి మ్, న్ అవుతుంది. ఫ్రెంచ్‌లో మాత్రం 'బోఁ' అన్నాక పెదవులు మూసుకోకూడదు, నాలుక పైకి తగలకూడదు.

పదాల మధ్య లియెజాన్‌ను, అంటే మొదటి పదం చివరి హల్లును తర్వాతి అచ్చుతో కలిపి పలకడాన్ని, సంధి అలవాటు వల్ల తొందరగా పట్టుకుంటాం, అతి కూడా చేస్తాం. స్నేహితులను 'లెజామి' అనాలి. అదే ఊపులో 'లె ఎరో' అనాల్సిన వీరులను 'లెజెరో' అంటే సున్నాలైపోతారు.

అసలు బలం డిక్టేషన్. ఒకసారి మొత్తం చదువుతారు, తర్వాత ముక్కలుగా, మళ్లీ మొత్తం. తప్పులను శబ్దం, యాక్సెంట్ (అక్షరం మీది గుర్తు), అన్వయం (కర్తకు క్రియ కుదరడం లాంటివి) అని మూడు గళ్లలో వేస్తారు. ఎప్పుడూ నిండేది మూడో గడే. 'పార్ల్' (మాట్లాడు) అనే క్రియ 'అతను'కైనా 'వాళ్లు'కైనా వినడానికి ఒకటే. బహువచనంలో చివర రాసే మూడక్షరాలు పలకవు, చెవితో నేర్చినవాళ్లు వాటిని మింగేస్తారు. చెవిని ముందు పెట్టే పద్ధతికి ఈ లోపం తప్పదు. అందుకే క్రియ కింద గీత గీసి, కర్తకు బాణం వేయిస్తారు. నామవాచకాన్ని ఒంటరిగా రాయనివ్వరు, ముందు 'ఒక' అనే అర్థంలో పుంలింగానికి 'ఎఁ', స్త్రీలింగానికి 'యున్' ఉండాల్సిందే. ఇంగ్లిష్ 'ది' లాంటి 'ల్', 'లా' పెడితే అచ్చు ముందు రెండూ కుదించుకుపోయి లింగం కనబడదు కదా. నోట్సు విషయంలో ఇంతకంటే పనికొచ్చే అలవాటు లేదు.

బలహీనత వినడంలో. క్లాసులో వినబడేది ఆమె గొంతొక్కటే, అదీ నిదానం, స్పష్టం. ఫ్రెంచ్ సర్టిఫికెట్ పరీక్ష డెల్ఫ్ తొలి స్థాయి ఏ1లో 4 భాగాలు, ఒక్కోటి 25 మార్కులు. మొత్తం 50 వస్తే పాస్, కానీ ఏ భాగంలోనూ 5కి తగ్గకూడదు. మామూలు మాటల్లో 'జ్ న్ సె పా' (నాకు తెలియదు) నలిగి 'షె పా' అవుతుంది. నిదానానికి అలవాటైన చెవి అక్కడ బోల్తా పడుతుంది. ఫ్రెంచ్ రేడియో ఆర్‌ఎఫ్‌ఐ వాళ్ల సులభ ఫ్రెంచ్ వార్తలు రోజూ 10 నిమిషాలు వినాలి. ఫ్రెంచ్ టీవీ ఛానల్ టీవీ5 మోండ్ సైట్‌లో స్థాయిలవారీగా ఉచిత అభ్యాసాలున్నాయి. పరీక్షకు మాత్రం హైదరాబాద్‌లోని ఫ్రెంచ్ భాషా సంస్థ అలియాన్స్ ఫ్రాన్సేజ్‌కు పోవాలి.

ఇంటర్ మార్కులే కావాలంటే ఇక్కడ చేరడం దండగ. గైడు చాలు. కెనడా, ఫ్రాన్స్ అనుకునేవాళ్లు తప్పక చేరవచ్చు, బ్యాచ్ మధ్యలో మాత్రం వద్దు. మొదటి నెల శబ్దాలు తప్పిపోతే డిక్టేషన్‌లో మొదటి గడి ఎప్పటికీ ఖాళీ కాదు, వాటిని మేడం విడిగా మళ్లీ చెప్పరు. మిర్యాలగూడ, దేవరకొండ నుంచి బస్సులో వచ్చేవాళ్లు కొత్త బ్యాచ్ ఎప్పుడో అడిగి బయల్దేరండి.