సీడ్స్ ఆఫ్ పీస్ క్యాంప్ రివ్యూ: మూడు వారాలూ సూపర్, ఇంటికెళ్లాకే అసలు కథ

5కి మూడున్నర ఇస్తా. ముందే చెప్తున్నా, నేను వెళ్లలేదు, వెళ్లొచ్చినవాళ్లు చెప్పుకున్నవి, దీని మీద జరిగిన రీసెర్చ్ చదివి రాస్తున్నా. గొడవలున్న దేశాల టీనేజర్లని ఒకచోట చేర్చి మాట్లాడించే సమ్మర్ క్యాంప్ ఇది. అమెరికాలో మెయిన్ (Maine) అనే రాష్ట్రం, ఒటిస్‌ఫీల్డ్ అని చిన్న ఊరు, సరస్సు ఒడ్డున క్యాంప్. జాన్ వాలక్ అనే జర్నలిస్టు 1993లో 46 మంది టీనేజర్లతో మొదలెట్టాడు, ఇజ్రాయెల్, పాలస్తీనా, ఈజిప్ట్ పిల్లలు. 2001 నుంచి ఇండియా పాకిస్తాన్ వాళ్లూ రావడం మొదలైంది.

సమ్మర్ క్యాంపే కదా, ఈతా ఫుట్‌బాలూ అనుకుంటే పొరపాటే. అవీ ఉంటాయి గానీ రోజూ గంటన్నర పైనే డైలాగ్ సెషన్, అక్కడ కూర్చోబెట్టి అసలు గొడవ గురించే మాట్లాడిస్తారు, తాతల ఇల్లు పోయిందని ఒకళ్లు, బస్సులో బాంబు పేలిందని ఇంకొకళ్లు, అరుపులూ ఏడుపులూ అన్నీ అయ్యాక రాత్రికి మళ్లీ అదే క్యాబిన్‌లో పక్కపక్క మంచాల మీద పడుకోవాలి. నాకు బాగా నచ్చింది ఇదే, నవ్వుతూ ఫొటో దిగి పంపించేసే బాపతు కాదు. చివర్లో కలర్ గేమ్స్ అని అందర్నీ కలిపి గ్రీన్, బ్లూ టీములు చేస్తారు, అప్పటిదాకా శత్రువు అనుకున్నోడి కోసం గొంతు చించుకుని అరవాల్సిందే.

పనిచేస్తుందా అంటే, చేస్తుంది, కొంతవరకు. జూలియానా ష్రోడర్, జేన్ రైజెన్ అని ఇద్దరు రీసెర్చర్లు ఇజ్రాయెల్, పాలస్తీనా పిల్లల్ని క్యాంప్‌కి ముందు, అయ్యాక, మళ్లీ తొమ్మిది నెలల తర్వాత అడిగి చూశారు. క్యాంప్ అయ్యేసరికి అవతలి వాళ్ల మీద అభిప్రాయం మెరుగైంది, ఇంటికెళ్లాక అది కొంత తగ్గింది, కానీ మొత్తం పోలేదు. అవతలి వైపు ఒక్క దగ్గరి ఫ్రెండ్ ఉన్నా చాలు, ఆ పిల్లల్లో మార్పు ఎక్కువ నిలబడింది. అంటే లెక్చర్లకంటే ఆ పక్క మంచమే ఎక్కువ పని చేసిందేమో అని నా డౌట్.

ఇక మైనస్‌లు. ఆఫ్టర్ సేల్స్ సర్వీస్ దగ్గరే దెబ్బ. పిల్లలు మారతారు సరే, చెక్‌పోస్ట్ మారదు, కాల్పులు ఆగవు. అసీల్ అస్లే అని ఈ క్యాంప్ కుర్రాడే, ఇజ్రాయెల్‌లోని అరబ్, 17 ఏళ్లు, 2000 అక్టోబర్‌లో నిరసన దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయాడు, అప్పుడు ఒంటి మీద ఉన్నది క్యాంప్ గ్రీన్ టీషర్టే. కేసు ఎవరి మీదా పెట్టలేదు. అందుకే చాలామంది పాలస్తీనా వాళ్లు ఈ క్యాంప్‌ని, ఇజ్రాయెల్ ఆక్రమణని మామూలు విషయం చేసే పని అని తిడతారు, ఆ కోపం నాకర్థమవుతుంది. ఇంకోటి, మాటలన్నీ ఇంగ్లీషులోనే, ఇంగ్లీషు బాగా వచ్చినోడిదే పైచేయి.

మన సైడ్ సంగతంటారా, లాహోర్ పిల్లా ముంబై పిల్లా అక్కడ ఎంత ఫ్రెండ్సయినా ఇంటికొచ్చాక కలవాలంటే వీసా దొరకడం గగనం. ఆ ఒకటిన్నర స్టార్ కట్ చేసింది అందుకే, క్యాంప్ మీద కోపంతో కాదు.