మిర్యాలగూడ రైస్ మిల్లులో పాత సెస్నా

మిర్యాలగూడ దగ్గర ఓ రైస్ మిల్లు గోదాంలో పాత సెస్నా 150 చిన్న విమానం అమ్మకానికి ఉందని తెలిశాక మా బావ ఆగలేదు. పైలట్ లైసెన్స్ ఉంది, విమానమే తక్కువ!

సికింద్రాబాద్ నుంచి నల్గొండ మీదుగా గుంటూరు వైపు వెళ్లే రైలెక్కాం. ఈ దారికి కారు కంటే రైలే నయం. స్టేషన్ దగ్గర దిగిన లాజ్‌ మాత్రం ఎవరికీ చెప్పను. ఏసీ రూముకు డబ్బు తీసుకున్నారు, రాత్రంతా జనరేటర్ మోతే. పొద్దున ఎదురుగా బండి మీద తిన్న ఇడ్లీ, పల్లీ చట్నీ బాగున్నాయి.

ఈ ట్రిప్పులో బాగా గిట్టుబాటైన ఖర్చు, హైదరాబాద్ నుంచి వెంటబెట్టుకెళ్లిన విమాన ఇంజినీరు ఫీజు. విమానం 1967 మోడల్, రెండు సీట్లది, 100 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజిన్. సాగర్ కాలువలకు నీళ్లొదిలిందీ ఆ ఏడాదే. ఆ నీళ్లతోనే ఇక్కడ ఇంత వరి, ఇన్ని మిల్లులు. మిల్లులున్నచోట ఎలుకలు. విప్పి గోడకు ఆనించిన రెక్కల్లోకి ఇంజినీరు టార్చి వేస్తే ఎలుక గూడు కనిపించింది. ఎలుక మూత్రం అల్యూమినియాన్ని తినేస్తుంది. పైన పెయింట్ మెరుస్తోంది, లోపల రివెట్ల చుట్టూ తెల్లటి పొడి.

ఓనరు ప్రొపెల్లర్ తిప్పి చూపించబోతే “ఆగండి సార్, తిప్పొద్దు” అని ఇంజినీరు గబుక్కున ఆపారు. ఏళ్లుగా కదలని ఇంజిన్‌లో నూనె పొర కారిపోయి ఉంటుంది, తిప్పితే సిలిండర్ గోడలు గీసుకుపోతాయి. స్పార్క్ ప్లగ్ తీసి ఆ రంధ్రంలోంచి చిన్న కెమెరా పంపారు. నాలుగు సిలిండర్లలో రెండింట తుప్పు మచ్చలు. తిరిగిన గంటలు తక్కువైనా, 12 ఏళ్లు దాటితే ఓవర్‌హాల్ (మొత్తం విప్పి బాగుచేయడం) చేయించమని ఇంజిన్ కంపెనీలే చెబుతాయి. సీటు పట్టాల రంధ్రాలూ కొలిచారు. అవి అరిగితే టేకాఫ్‌లో సీటు వెనక్కి జారిపోతుంది. పాత సెస్నాలకు ఇది పేరుమోసిన జబ్బు.

అసలు చిక్కు కాగితాల్లో వచ్చింది. బాడీకి, ఇంజిన్‌కు వేర్వేరు లాగ్‌బుక్‌లుండాలి, ఎన్ని గంటలు తిరిగింది, ఏ రిపేర్లు జరిగాయి అన్నీ రాసే పుస్తకాలు. ఇంజిన్‌ది లేదు. “ఇంట్ల యాడనో ఉంటది సార్” అన్నాడు ఓనరు. అది దొరక్కపోతే ఇంజిన్ ఖరీదు సున్నా కింద వేసుకోండని ఇంజినీరు బావకు పక్కకు తీసుకెళ్లి చెప్పారు.

సాయంత్రం హాలియా, పెద్దవూర మీదుగా సాగర్ వెళ్లాం. 2022 ఫిబ్రవరిలో పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గరే సెస్నా 152 శిక్షణ విమానం కూలి ట్రైనీ పైలట్ చనిపోయింది. ఆ మాటెత్తితే బావ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

టూరిజం వాళ్ల విజయ్ విహార్‌లో దిగాం. జలాశయం పక్కనే ఉంటుంది, అద్దెకు న్యాయం జరిగింది. అక్కడి 274 ఎకరాల బౌద్ధ థీమ్ పార్కు బుద్ధవనం పొద్దున్నే చూడండి, ఎండెక్కితే నడవలేరు.

బావ ఆశ వదల్లేదు. లాగ్‌బుక్ దొరికితే అడిగిన ధరలో సగానికి తీసుకుంటానని ఓనరుకు కబురు పెట్టాడు. అడ్వాన్సు మాత్రం రూపాయి ఇవ్వలేదు.