కాయిలోవర్లు మంచివే, నా పంచాయితీ అంతా పైనున్న మౌంట్లతోనే

నా ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీకి కాయిలోవర్లు (ఎత్తూ బిగుతూ మార్చుకోగలిగే స్ప్రింగు-షాకబ్జర్ సెట్లు) వేయించి రెండు వానాకాలాలు దాటాయి. వారమంతా హైదరాబాద్ ఆఫీసు ట్రాఫిక్, కుదిరినప్పుడు చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్. ఎన్ని క్లిక్కులు, ఎంత దిగుతుంది, ధరెంత అన్నవి ఎవర్నడిగినా చెప్తారు. నేను రాసేది పిల్లోబాల్ మౌంట్ల సంగతి. అమ్మేటప్పుడు దాని గురించి అయితే పొగుడుతారు, లేకపోతే ఊరుకుంటారు.

షోరూమ్ నుంచి వచ్చిన కారులో ముందు చక్రం స్ట్రట్ (స్ప్రింగూ షాకబ్జరూ కలిసిన కాడ) పైకొసను బాడీకి పట్టుకునేది రబ్బరు మౌంటు. నా కిట్‌లో దాని బదులు ఉక్కు గుండు బేరింగూ (పిల్లోబాల్ అంటే ఇదే), చక్రం వాలు, అంటే క్యాంబర్, మార్చుకునే ప్లేటూ వచ్చాయి. మధ్యలో నలగడానికి రబ్బరు లేదు కాబట్టి స్టీరింగ్ తిప్పీ తిప్పగానే ముందు చక్రాలు మాట వింటాయి. ట్రాక్ మీద దానికి వంక పెట్టలేం. మొదటి కుడి మలుపులో ఇదివరకు ముక్కు బయటికి పోయేది, ఇప్పుడు యాక్సిలరేటర్ మీంచి కాలు తీయకుండానే తిరిగింది. చక్రం పైభాగం లోపలికి వాలేలా క్యాంబర్ రెండున్నర డిగ్రీలు పెట్టాక ఎడమ ముందు టైరు బయటి అంచు అరగడం కూడా తగ్గింది.

తొలి వానాకాలం సగంలో టక్ టక్ మొదలైంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద వందలో పోతే ఏమీ ఉండదు. అపార్ట్‌మెంట్ ర్యాంపు దిగుతూ స్టీరింగ్ తిప్పితే, స్పీడ్ బ్రేకర్‌ని ఒక చక్రం ముందు ఎక్కితే వినిపిస్తుంది. వర్క్‌షాప్‌లో ముందు లింక్ రాడ్లు మార్చారు, తర్వాత లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద పట్టుకునే చెయ్యి) బుష్‌లు. చప్పుడు చెక్కుచెదరలేదు. "లింక్ రాడ్లు కొత్తయి, బుష్‌లు కొత్తయి, ఇంక షాకబ్జరే పోయింది గావచ్చన్నా" అని విప్పి చూస్తే చుక్క ఆయిల్ లీకు లేదు. చివరికి అక్కడి పెద్ద మేస్త్రీ బానెట్ ఎత్తించి, స్ట్రట్ నట్టు మీద నా చెయ్యి పెట్టించి, కుర్రాణ్ణి స్టీరింగ్ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తిప్పమన్నాడు. వేళ్ల కింద గులకరాయి దొర్లినట్టు తగిలింది. బేరింగ్ బయటికి తీస్తే గ్రీజూ దుమ్మూ కలిసి ఎర్రటి ముద్దయింది, గుండు గిన్నెలో వదులుగా కదులుతోంది. పైన రబ్బరు తొడుగు లేదు, నీళ్లు ఆపేదేమీ లేదు. ముందు పోయింది ఎడమవైపుదే, మన రోడ్ల మీద నీళ్లు నిలిచేది ఆ అంచునే కదా. వారంటీ అడిగితే "అది అరిగే పార్టు సార్" అన్నారు. రేసు కారుకి ఆ మాట న్యాయమే, బేరింగులు మార్చుకుంటూనే ఉంటారు. రోడ్డు మీద కూడా నడపొచ్చని అమ్మిన కిట్‌కి ఆ జవాబేంటి? కొత్తవి నా డబ్బుతోనే వేయించాను. మరుసటి వానాకాలానికి మళ్లీ అదే పాట.

ఈసారి ప్లేట్లు పీకించి రబ్బరు మౌంట్లు పెట్టించాను. మన దేశంలో పోలో తయారీ 2022లో ఆగినా వెంటో, స్కోడా ర్యాపిడ్‌లదీ ఇదే ప్లాట్‌ఫామ్ కాబట్టి మౌంట్లకు వెతుకులాట లేదు. పైన స్ప్రింగు కూర్చునే సీటు మాత్రం వేరేది కావాలి, కిట్ అమ్మినవాళ్లే తెప్పించారు. ఇప్పుడు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ జాయింట్ల మీద కూడా టంగుమనదు, దబ్‌మని ఊరుకుంటుంది.

కొత్తలో నేను షాకబ్జర్ బిగుతు క్లిక్కు క్లిక్కుగా మార్చే నాబ్ గురించి ఊళ్లో అందరికీ చెప్పుకున్నాను: ట్రాక్‌కి గట్టిగా, ఇంటికొచ్చేటప్పుడు మెత్తగా. ముందువైపు అది నిజమే. వెనకవైపు నాబ్ అందాలంటే జాకీ ఎత్తి చక్రం విప్పాలి, అందుకే వెనక ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది. పైగా ఆ ఒక్క నాబ్ ఎక్కువగా మార్చేది రీబౌండ్‌నే, అంటే నొక్కుకున్న స్ప్రింగు తిరిగి తెరుచుకునే వేగాన్నే. మరీ బిగిస్తే వరస జాయింట్ల మీద స్ప్రింగు పూర్తిగా తెరుచుకునేలోపే ఇంకో దెబ్బ తగిలి, కారు మెట్టు మెట్టుగా కిందికి దిగి బంప్ స్టాప్‌లకు (చివర్న అడ్డుండే దిమ్మలకు) ఆనుతుంది. జనం స్ప్రింగుల్ని తిడతారు గానీ చాలాసార్లు నాలుగు క్లిక్కులు వదిలితే సరిపోతుంది. ఎత్తు కూడా అంతే. లోయర్ ఆర్మ్ చక్రం వైపు పైకి లేచేంత దించితే రోల్ సెంటర్ (కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) ఇంకా కిందికి పోతుంది, చూడ్డానికి బాగుంటుంది గానీ మలుపులో ఒరుగు అనుకున్నంత తగ్గదు.

ప్లేట్లు పోయాక క్యాంబర్ ఒక డిగ్రీ చిల్లరకి వచ్చింది. ఎడమ టైరు అంచు మళ్లీ అరుగుతోంది, ట్రాక్ నుంచి రాగానే టైర్లు అటూ ఇటూ మారుస్తున్నాను. ల్యాపు కొంత నెమ్మదించింది. నాకు ఫర్వాలేదు, నార్కెట్‌పల్లి-అద్దంకి రోడ్డు మీద అదే కారులో వెనక సీట్లో అమ్మ నిద్రపోతూ వస్తుంది. కారుని ట్రైలర్ మీద తీసుకెళ్లేవాళ్లకి, వానల్లో బయటికి తీయనివాళ్లకి పిల్లోబాలే సరైనది కావచ్చు. నా ప్లేట్లు అటక మీదున్నాయి, కావాలంటే ఇచ్చేస్తాను. బేరింగులు మాత్రం మీరే కొనుక్కోవాలి.